ఒకే నేల మీద రెండు నిచ్చెనలు: థాయ్‌లాండ్‌లో జిల్లాలను నడిపేదెవరు?

2018 జూన్ 23న ఉత్తర థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో పన్నెండు మంది పిల్లలు, వాళ్ల ఫుట్‌బాల్ కోచ్ వరద నీటి వెనక చిక్కుకుపోయారు. జులై 10న చివరివాళ్లు కూడా ప్రాణాలతో బయటపడేదాకా ప్రపంచమంతా ఆ గుహ వైపే చూసింది. ఆ హడావుడిలో పెద్దగా ఎవరి దృష్టికీ రాని రెండు విషయాలు థాయ్ పరిపాలన ఎలా నడుస్తుందో చక్కగా చూపిస్తాయి. ఒకటి, సహాయ చర్యలకు నాయకత్వం వహించిన చియాంగ్ రాయ్ ప్రావిన్స్ గవర్నర్ నరోంగ్‌సాక్ ఒసత్తనకోన్‌కు అప్పటికే పక్క ప్రావిన్స్ ఫయావోకు బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. దేశమంతా ఊపిరి బిగపట్టి చూస్తున్న రోజుల్లోనే ఆయన స్థానంలో కొత్త గవర్నర్ వచ్చారు. పిల్లలు బయటికొచ్చేదాకా పాత గవర్నరే సహాయ చర్యలు నడిపించాలని పైనుంచి చెప్పడంతో ఆయన అక్కడ ఉండగలిగారు. రెండోది, కోచ్‌కూ ముగ్గురు పిల్లలకూ అసలు ఏ దేశ పౌరసత్వమూ లేదు. ఆగస్టు 8న వాళ్ల చేతికి థాయ్ గుర్తింపు కార్డులు అందాయి. అవి అందింది రాజధానిలో కాదు, మే సాయ్ జిల్లా కార్యాలయంలో. ఇచ్చింది ఆ జిల్లా అధికారి.

ప్రజలు ఎన్నుకోని గవర్నర్‌ను రాజధాని ఎప్పుడు కావాలంటే అప్పుడు కదిలిస్తుంది. అదే సమయంలో ఒక మనిషి ఈ దేశస్థుడా కాదా అన్నది తేల్చే కాగితం జిల్లా కార్యాలయం బల్ల మీద ఉంటుంది. థాయ్‌లాండ్ స్థానిక పాలనను అర్థం చేసుకోవాలంటే ఈ రెండింటినీ కలిపి చూడాలి.

థాయ్‌లాండ్‌లో 76 ప్రావిన్సులున్నాయి. వాటిని చంగ్వత్ అంటారు. బ్యాంకాక్ లెక్క వేరు, దాని సంగతి తర్వాత. ప్రావిన్స్ కింద ఉండేది అంఫో. బయటి దేశాలవాళ్లు జిల్లా అనేది దీన్నే. ఇవి దేశమంతటా 878. అంఫో కింద తంబోన్లు ఏడు వేలకు పైగా, వాటి కింద మూబాన్లు, అంటే గ్రామాలు, దాదాపు 75 వేలు ఉన్నాయి. జనాభాను బట్టి చూస్తే ఒక్కో అంఫోకు సగటున 70 వేల మంది వస్తారు. మన తెలుగు రాష్ట్రాల పాఠకుడు దాన్ని మండలం కొలతలో ఊహించుకుంటే సరిపోతుంది. ప్రావిన్స్ మన జిల్లాకు దగ్గరగా ఉంటుంది. థాయ్‌లాండ్‌లో సమాఖ్య వ్యవస్థ లేదు కాబట్టి మన రాష్ట్రం లాంటి అంచె అక్కడ కనిపించదు.

సగటు లెక్క చూసి అన్ని అంఫోలూ ఒకేలా ఉంటాయనుకోకూడదు. ఈశాన్యంలోని నఖోన్ రాచ్చసీమా ప్రావిన్స్‌లో 32 అంఫోలుంటే ఫుకెట్‌లో మూడే. మయన్మార్ సరిహద్దులోని ఉంఫాంగ్ నాలుగు వేల చదరపు కిలోమీటర్లకు మించిన కొండల జిల్లా. కంబోడియా వైపు సముద్రంలో ఉన్న కో కుత్ దీవి జనాభా రెండు వేల చుట్టూ ఉన్నా అదీ ఒక పూర్తి జిల్లానే. కొలతలు ఎంత తేడాగా ఉన్నా అన్నిచోట్లా హోదా ఒకటే, చట్టం ఒకటే, అధికారిని పంపేదీ ఒకే శాఖ.

పైనుంచి దిగే నిచ్చెన

1991 నాటి ప్రభుత్వ పరిపాలన చట్టం థాయ్ పాలనను మూడు భాగాలుగా చెబుతుంది: కేంద్రం, ప్రాంతీయం, స్థానికం. ప్రావిన్స్, అంఫో ప్రాంతీయ భాగంలోకి వస్తాయి. మాట వినడానికి ఏదో ప్రాంతానికి చెందిన అధికారంలా ఉన్నా, అసలు సంగతి వేరు. కేంద్ర ప్రభుత్వ శాఖలు తమ పని చేయించుకోవడానికి ఊళ్లలో పెట్టుకున్న కొమ్మలే ఇవి. గవర్నర్‌ను అంతర్గత వ్యవహారాల మంత్రిత్వ శాఖ పంపుతుంది. అంఫోకు అధిపతి అయిన నాయ్ అంఫో కూడా అదే శాఖకు చెందిన ఉద్యోగి. ఏటా అక్టోబరు 1న ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది. దానికి ముందే అరవై నిండిన గవర్నర్లు పదవీ విరమణ చేస్తారు, మిగిలినవాళ్లలో చాలామంది ఒక ప్రావిన్స్ నుంచి ఇంకో ప్రావిన్స్‌కు మారతారు. ఒక గవర్నర్ ఒకే చోట రెండేళ్లు ఉన్నాడంటే కాస్త స్థిరంగా ఉన్నట్టే లెక్క.

ఇక నాయ్ అంఫో బల్ల మీదికి వచ్చే పనులు చూస్తే ఆ పదవి బరువు తెలుస్తుంది. జనన మరణ నమోదు, గుర్తింపు కార్డు, ఇంటి నమోదు పుస్తకం, పెళ్లి నమోదు, విడాకుల నమోదు అన్నీ ఆ కార్యాలయంలోనే. 2025 జనవరి 23న స్వలింగ వివాహాల చట్టం అమల్లోకి వచ్చినప్పుడు జంటలు బారులు తీరింది కోర్టుల ముందు కాదు, జిల్లా కార్యాలయాల ముందు. థాయ్ పౌరుల పదమూడు అంకెల గుర్తింపు సంఖ్యలో రెండో అంకె నుంచి ఐదో అంకె దాకా ఏ ప్రావిన్స్‌లో, ఏ నమోదు కార్యాలయంలో పేరు ఎక్కిందో చెప్పే సంకేతం ఉంటుంది. ఆ మనిషి ఎక్కడికి వలస వెళ్లినా ఆ నాలుగు అంకెలు జీవితాంతం వెంట ఉంటాయి. వీటితోపాటు శాంతిభద్రతలు, కరవు వరదల సహాయం, తగాదాల సర్దుబాటు, వేర్వేరు శాఖల మధ్య సమన్వయం కూడా నాయ్ అంఫో మీదే.

సమన్వయం అనే చోటే అసలు చిక్కు ఉంది. అంఫో స్థాయిలో వ్యవసాయ అధికారి, ఆరోగ్య అధికారి, భూముల అధికారి, పోలీస్ స్టేషన్ అన్నీ ఉంటాయి. కానీ ఎవరి జీతం, పదోన్నతి వాళ్ల శాఖ చేతిలో ఉంటాయి. పోలీసులు 1998 నుంచి అంతర్గత వ్యవహారాల శాఖలోనే లేరు. నాయ్ అంఫో సమావేశానికి పిలిస్తే వస్తారు, చెప్పింది వింటారు, చివరికి తమ శాఖ నుంచి వచ్చిన ఉత్తర్వునే అమలు చేస్తారు. జనం దృష్టిలో జిల్లాకు అధిపతి ఆయనే అయినా, చేతిలో ఉన్న బడ్జెట్ చిన్నది.

అంఫో కింద తంబోన్‌కు పెద్ద కమ్నన్, గ్రామానికి పెద్ద ఫూ యై బాన్. గ్రామ పెద్దను ఊరివాళ్లే ఓటేసి ఎన్నుకుంటారు. తంబోన్‌లోని గ్రామ పెద్దల్లో ఒకరు కమ్నన్ అవుతారు. ఎన్నికైనా వాళ్లు పని చేసేది నాయ్ అంఫో కింద. ఖాకీ యూనిఫాం వేసుకుంటారు, ప్రభుత్వం నుంచి నెలనెలా భత్యం తీసుకుంటారు, నెలకోసారి అంఫో కార్యాలయంలో సమావేశానికి వెళ్లి అక్కడ చెప్పింది ఊళ్లో మైకులో చదివి వినిపిస్తారు. 1992లో చేసిన సవరణ వాళ్ల పదవీకాలాన్ని ఐదేళ్లకు పరిమితం చేసింది. 2008లో దాన్ని తిప్పేసి, ఒకసారి ఎన్నికైతే అరవై ఏళ్లు వచ్చేదాకా పదవిలో ఉండే పాత పద్ధతినే తెచ్చారు. నలభై ఏళ్ల వయసులో గెలిచిన గ్రామ పెద్ద ఇరవై ఏళ్లపాటు మళ్లీ ఓటరు ముందుకు రావాల్సిన పని లేదు. మధ్యలో పనితీరు మదింపు ఉన్నా అది చేసేది ఓటరు కాదు. ఎన్నిక అనే మాటకు ఉండాల్సిన అర్థాన్ని ఈ సవరణ బాగా తగ్గించేసిందనే చెప్పాలి.

రాజు కాలంలో పడ్డ పునాది

ఈ నిచ్చెన వయసు నూట ముప్పై ఏళ్ల పైమాటే. పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా సియాం (థాయ్‌లాండ్ పాత పేరు) రాజ్యంలో దూరపు పట్టణాలను స్థానిక పాలకుల కుటుంబాలే ఏలేవి. రాజధానికి కప్పం పంపి, మిగిలిన రాబడితో వాళ్లు బతికేవారు. పడమట బర్మాను బ్రిటిష్‌వాళ్లు, తూర్పున వియత్నాం, కంబోడియాలను ఫ్రెంచివాళ్లు మింగేస్తుంటే చులాలొంకోన్ రాజుకు ఒక సంగతి అర్థమైంది: సరిహద్దుల్లో ఎవరి అధికారం నడుస్తోందో స్పష్టంగా చూపించలేకపోతే ఆ నేల చేజారుతుంది. 1892లో మంత్రిత్వ శాఖలను కొత్తగా ఏర్పరచి, అంతర్గత వ్యవహారాలను తన సవతి తమ్ముడు డామ్రోంగ్ రాచనుఫాప్ చేతిలో పెట్టాడు. అంతకు ముందే డామ్రోంగ్ యూరప్ వెళ్లి, తిరుగు ప్రయాణంలో భారతదేశాన్నీ బర్మానూ చూసి వచ్చాడు. జీతం తీసుకుని, బదిలీ మీద తిరిగే అధికారులతో ఇక్కడ బ్రిటిష్‌వాళ్లు నడిపిన యంత్రాంగం ఆయన కళ్లారా చూసిందే. కొన్ని ప్రావిన్సులను కలిపి మొన్‌థోన్ అనే పెద్ద విభాగాలు చేసి, వాటి మీద రాజధాని నుంచి కమిషనర్లను పంపిన ఆయన పద్ధతిలో ఆ పోలిక కనిపిస్తుంది.

కింది అంచెలో మాత్రం ఆయన చేసింది వేరు. 1892లోనే ఒక అధికారిని అయుథ్థయా దగ్గరి బాంగ్ పా ఇన్‌కు పంపి, ఊరివాళ్ల చేతే గ్రామ పెద్దలను ఎన్నిక చేయించే ప్రయోగం జరిపించాడు. ఆ ఏడాది ఆగస్టు 10న జరిగిన ఆ ఎన్నిక గుర్తుగా ఇప్పటికీ ఆ రోజును కమ్నన్, గ్రామ పెద్దల దినంగా జరుపుతారు. 1897లో వచ్చిన చట్టం ఈ పద్ధతిని దేశమంతటికీ విస్తరించింది. దాని స్థానంలో వచ్చిన 1914 చట్టమే ఎన్నో సవరణలతో నేటికీ అమల్లో ఉంది. పైనుంచి అధికారి, కింద ఊరి మనిషి, మధ్యలో అంఫో. ఇంత చవకగా రాజ్యాన్ని ఊరి గుమ్మం దాకా తీసుకెళ్లిన ఏర్పాటు ఆ కాలానికి గొప్ప విజయమే. దానికి మూల్యం చెల్లించినవాళ్లూ ఉన్నారు. 1902 ప్రాంతంలో ఉత్తరాన ఫ్రేలో షాన్‌ల తిరుగుబాటు, ఈశాన్యంలో ఉబోన్ చుట్టూ పుణ్యపురుషులమని చెప్పుకున్నవాళ్ల వెనక రైతుల తిరుగుబాటు, దక్షిణాన పటానీ రాజు నిర్బంధం వరుసగా జరిగాయి. రాజధాని నుంచి వచ్చిన అధికారులు, వాళ్లతోపాటు వచ్చిన పన్నులు చాలామందికి మింగుడుపడలేదు.

కింది నుంచి ఎక్కే నిచ్చెన

రెండో నిచ్చెన, అంటే స్థానిక సంస్థలది. దాని పుట్టుక ఒక మురికి బజారుతో ముడిపడి ఉంది. బ్యాంకాక్‌కు నైరుతిన, సముత్ సాఖోన్‌లోని తా చలోమ్ చేపల రేవు. అక్కడి బజారు ఎంత అశుభ్రంగా ఉందో రాజు వ్యాఖ్యానించడంతో స్థానికులు చందాలు వేసుకుని ఒక రోడ్డు వేశారు. దాన్ని ప్రారంభించడానికి రాజు స్వయంగా వచ్చాడు. రత్నకోసిన్ శకం 124, మార్చి 18. ఇప్పటి లెక్కలో 1906. దుకాణాల పన్నుగా వచ్చే సొమ్మును రాజధానికి పంపకుండా రోడ్డుకూ దీపాలకూ చెత్త ఎత్తడానికీ ఆ ఊరే వాడుకునేలా అక్కడ ఒక పారిశుద్ధ్య మండలి ఏర్పడింది. తొమ్మిదేళ్ల ముందు బ్యాంకాక్‌లోనూ అలాంటిది పెట్టారు గానీ దాన్ని అధికారులే నడిపారు. మార్చి 18ని థాయ్ స్థానిక పాలన దినంగా పాటిస్తారు. అంటే రెండు నిచ్చెనలకూ క్యాలెండర్‌లో వేర్వేరు రోజులున్నాయి.

1932లో నిరంకుశ రాచరికం పోయాక కొత్త ప్రభుత్వం మొన్‌థోన్‌లను రద్దు చేసింది. 1933లో పురపాలక చట్టం తెచ్చి థెత్సబాన్లకు, అంటే పురపాలక సంఘాలకు పునాది వేసింది. దేశమంతా క్రమంగా పురపాలికలు కావాలన్నది ఆనాటి ఆశ. అది అంత వేగంగా జరగలేదు. ప్రావిన్స్ పాలన సంస్థలు 1955లో వచ్చినా చాలాకాలం వాటికి అధిపతి గవర్నరే. అసలు మలుపు 1990లలో వచ్చింది. 1994 చట్టంతో తంబోన్ పాలన సంస్థలు మొదలయ్యాయి. జనం వీటిని ఓ బో తో అనే పొడి అక్షరాలతోనే పిలుస్తారు. 1997 రాజ్యాంగం వికేంద్రీకరణను ప్రభుత్వ బాధ్యతగా రాసింది. 1999లో పాత పారిశుద్ధ్య మండళ్లన్నిటినీ పురపాలికలుగా మార్చారు. 2003 సవరణల తర్వాత స్థానిక సంస్థల అధ్యక్షులను ఓటర్లు నేరుగా ఎన్నుకోవడం మామూలైంది.

ఇప్పుడు ఎన్నికైన స్థానిక సంస్థలు అన్నీ కలిపి సుమారు 7,850. ప్రావిన్స్‌కు ఒకటి చొప్పున 76 ప్రావిన్స్ పాలన సంస్థలు. పట్టణ ప్రాంతాల్లో మూడు రకాల పురపాలికలు: యాభై వేల జనాభా దాటితే నగర స్థాయి, పది వేలు దాటినా లేక ప్రావిన్స్ కేంద్రమైనా పట్టణ స్థాయి, మిగిలినవి తంబోన్ స్థాయి. పల్లెల్లో ఐదు వేలకు పైగా తంబోన్ పాలన సంస్థలు. అదనంగా ప్రత్యేక చట్టాలున్న బ్యాంకాక్, పట్టాయా.

ఈ వరుసలో అంఫో లేదు. ప్రావిన్స్‌కు ఎన్నికైన సభ ఉంది, తంబోన్‌కు ఉంది, మధ్యలోని జిల్లాకు లేదు. మన మండలంలో తహసీల్దారుతోపాటు ఎన్నికైన మండల పరిషత్ కూడా ఉంటుంది. థాయ్ అంఫోలో తహసీల్దారు మాత్రమే ఉన్నట్టు లెక్క. థాయ్ స్థానిక పాలనలోని చాలా చిక్కుముడులు ఈ ఒక్క ఖాళీ చుట్టూనే తిరుగుతాయి. అంఫో ఏ ఓటరుకూ జవాబుదారీ కాదు, కానీ ఓటర్లు ఎన్నుకున్న సంస్థ మీద పర్యవేక్షణ దానిదే. తంబోన్ సభ ఆమోదించిన బడ్జెట్ నిబంధన నాయ్ అంఫో ఆమోదం పొందాలి. పురపాలికల మీద అలాంటి అధికారం గవర్నర్‌ది. చట్టంలో ఆ మాట పర్యవేక్షణ. ఆదేశించడం దాని అర్థం కాదు. ఆచరణలో ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ పడుతుందన్నది చాలావరకు ఆ అధికారికీ ఎన్నికైన అధ్యక్షుడికీ మధ్య సంబంధం మీద ఆధారపడుతుంది.

ఊళ్లో అడుగుపెట్టి చూస్తే ఈ జంట వ్యవస్థ ఎంత ఇరుకో తెలుస్తుంది. ఒకే తంబోన్‌కు కమ్నన్ ఉంటాడు, ఓ బో తో అధ్యక్షుడూ ఉంటాడు. ఇద్దరూ ఆ ఊళ్ల ఓట్లతో పైకొచ్చినవాళ్లే. ఒకరికి యూనిఫాం, అంఫోతో సంబంధం, పదవిలో దీర్ఘకాలం ఉన్నాయి. ఇంకొకరికి బడ్జెట్, సిబ్బంది, నాలుగేళ్ల గడువు ఉన్నాయి. రోడ్డు గుంత పూడ్చాలంటే అధ్యక్షుడి దగ్గరికి, పొలం గట్టు తగాదాకు కమ్నన్ దగ్గరికి వెళ్లాలి. వరద వస్తే ఇద్దరూ వస్తారు. కొన్నిచోట్ల ఇద్దరూ ఒకే కుటుంబం వాళ్లు, కొన్నిచోట్ల బద్ధ విరోధులు. నగర, పట్టణ స్థాయి పురపాలికల్లో కమ్నన్ పదవిని తీసేశారు. తంబోన్ స్థాయి పురపాలికల్లో అది అలాగే ఉంది. కాబట్టి హోదా పెరిగి పట్టణ పురపాలిక కావడం అంటే అక్కడి గ్రామ పెద్దలకు పదవి పోవడం కూడా. కొత్త హోదాకు సొంత ఊళ్లోనే అడ్డంకులు ఎందుకొస్తాయో చెప్పడానికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

గీతలు కలవని చోట్లు

రెండు నిచ్చెనల సరిహద్దులూ ఒకటి కావు. ఒక తంబోన్‌లో కొంత భాగం పురపాలిక కిందికి పోయి, మిగిలింది ఓ బో తో కింద ఉండిపోవచ్చు. కో సముయ్‌లో దీవి మొత్తం నగర పురపాలికే. మే సోత్ ప్రావిన్స్ కేంద్రం కాకపోయినా నగర స్థాయి పురపాలిక, అదే ప్రావిన్స్‌కు కేంద్రమైన తాక్ మాత్రం పట్టణ స్థాయి. పట్టాయా అంత పేరున్న నగరమైనా అంఫో లెక్కలో అది చోన్‌బురి ప్రావిన్స్‌లోని బాంగ్ లముంగ్ జిల్లాలో ఒక భాగమే.

ఈ పొంతన లేకపోవడం వల్ల నష్టం ఎంతో చియాంగ్ మాయ్‌లో చూడొచ్చు. నగర పురపాలిక విస్తీర్ణం నలభై చదరపు కిలోమీటర్లే. అసలు నగరం ఎప్పుడో ఆ గీత దాటి హాంగ్ డోంగ్, సాన్ సాయ్, సరాఫీ, మే రిమ్ అంఫోల్లోకి పాకింది. అక్కడ అడుగడుగుకీ వేరే పురపాలిక, వేరే ఓ బో తో. బస్సులకైనా చెత్తకైనా అందరికీ కలిపి ఒక నిర్ణయం తీసుకునే ఎన్నికైన సంస్థ లేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఏటా లోయను కమ్మేసే పొగదీ ఇదే కథ. మంటలు అంటుకునేది అటవీ శాఖల అధీనంలోని కొండల మీద. ఆర్పడానికి మొదట పరుగెత్తేది గ్రామ పెద్దలు, ఓ బో తో సిబ్బంది. తగలబెట్టడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చేది గవర్నర్. ఏళ్ల తరబడి పట్టువిడవకుండా చేయాల్సిన పనిని ఏడాదికో రెండేళ్లకో బదిలీ అయ్యే మనిషి చేతిలో పెట్టి, ఫలితం రాలేదని ఆశ్చర్యపోవడం అన్యాయం. 2013లో చియాంగ్ మాయ్ పౌర సంఘాలు సంతకాలు సేకరించి, గవర్నర్‌ను ప్రజలే ఎన్నుకునేలా ఒక బిల్లు పార్లమెంటుకు ఇచ్చాయి. మరుసటి ఏడాది వచ్చిన సైనిక తిరుగుబాటుతో అది అటకెక్కింది.

కొత్త జిల్లాలు, కొత్త ప్రావిన్సులు కావాలన్న కోరికకు మూలం కూడా దూరమే. ప్రావిన్స్ ఏర్పాటుకు పార్లమెంటు చట్టం కావాలి, అంఫోకు రాజశాసనం, తంబోన్‌కు మంత్రిత్వ శాఖ ప్రకటన సరిపోతుంది. ఒకప్పుడు పూర్తి హోదా లేని కింగ్ అంఫో అనే ఉపజిల్లాలు ఉండేవి. 2007లో మిగిలిన 81 కింగ్ అంఫోలకూ ఒక్కసారే పూర్తి హోదా ఇచ్చేశారు. 1996 డిసెంబరులో భూమిబోల్ రాజు యాభై ఏళ్ల పాలన గుర్తుగా ఐదు ప్రావిన్సుల్లో చలోమ్ ఫ్రకియత్ అనే ఒకే పేరుతో ఐదు జిల్లాలు పుట్టాయి. అన్నిటికంటే చివరిది 2009లో చియాంగ్ మాయ్ కొండల్లో ఏర్పడిన గల్యాణి వధన. మే చేమ్ అంఫో నుంచి మూడు తంబోన్లను విడదీసి, ఆ ముందు ఏడాది మరణించిన రాజు అక్క పేరు పెట్టారు. బిడ్డ పుడితే పేరు రాయించడానికి కొండదారుల్లో మే చేమ్ దాకా పోవాల్సిన కరెన్ గ్రామాలకు ఆ కార్యాలయం నిజమైన మేలు చేసింది.

చివరిగా ఏర్పడిన ప్రావిన్స్ బుయెంగ్ కాన్. 2011 మార్చిలో నోంగ్ ఖాయ్ నుంచి ఎనిమిది అంఫోలతో విడిపోయింది. మెకాంగ్ నది వెంట సన్నగా సాగిన పాత ప్రావిన్స్‌లో ఆ కొస నుంచి ఈ కొసకు రావడమే పెద్ద ప్రయాణం కాబట్టి 1990ల నుంచే ఈ కోరిక ఉంది. చియాంగ్ మాయ్ ఉత్తర కొసన ఫాంగ్ కూడా చాలాకాలంగా అదే అడుగుతోంది. ప్రావిన్స్ అయితే గవర్నర్ కార్యాలయం, కోర్టు, పెద్ద ఆసుపత్రి, శాఖల ప్రధాన కార్యాలయాలు వస్తాయి. ఎన్నికైన సంస్థల చేతిలో తగినంత అధికారం ఉంటే జనం ఈ కార్యాలయాల కోసం ఇంతగా ఆరాటపడేవారు కాదేమో.

ఒకే నిచ్చెన ఉన్న నగరం

బ్యాంకాక్‌లో పరిస్థితి వేరు. 1971-72లో నదికి రెండు వైపులా ఉన్న ఫ్ర నఖోన్, థోన్‌బురి కలిసి ఒకే పాలన కిందికి వచ్చాయి. 1975లో మొదటిసారి గవర్నర్‌ను ఎన్నుకున్నారు. మళ్లీ కొన్నేళ్లు నియామకాలు నడిచాయి, 1985 చట్టంతో ఎన్నిక తిరిగొచ్చింది. ఇక్కడ అంఫో బదులు ఖేత్ ఉంటుంది. మొత్తం 50 ఖేత్‌లు. ఖేత్ డైరెక్టర్ ఎన్నికైన గవర్నర్ కింద పని చేసే నగరపాలక ఉద్యోగి. కమ్నన్‌లు, గ్రామ పెద్దలు లేరు. అంటే దేశం మొత్తం మీద జిల్లా కార్యాలయం ఓటరుకు జవాబు చెప్పాల్సిన ఒకే ఒక్క చోటు రాజధానే. 2022 మే 22న పదమూడు లక్షల పైచిలుకు ఓట్లతో గెలిచిన చాచ్చార్త్ సిత్తిఫన్ వచ్చాక, జనం ఫిర్యాదులు ఫోన్ నుంచి నేరుగా ఆయా ఖేత్‌లకు చేరే ట్రాఫీ ఫోండ్యూ అనే యాప్ వాడకం బాగా పెరిగింది. విరిగిన కాలిబాట ఫొటో ఎవరి దగ్గర ఎన్ని రోజులు ఆగిందో అందరికీ కనిపిస్తుంది. నియమిత నాయ్ అంఫో మీద ఇలాంటి ఒత్తిడి రావడం కష్టం. అలాగని బ్యాంకాక్ గవర్నర్ సర్వాధికారి కాదు. పోలీసులు, విద్యుత్తు సరఫరా, భూగర్భ మెట్రో సంస్థ ఆయన చేతిలో లేవు.

ఇందుకు పూర్తిగా అవతలి కొసన దక్షిణ సరిహద్దు ప్రావిన్సులు పట్టానీ, యలా, నరాథివత్ ఉన్నాయి. జనాభాలో అత్యధికులు మలయ్ ముస్లింలు. 2004 నుంచి రగులుతున్న హింసలో గ్రామ పెద్దలు, కమ్నన్‌లు ఎందరో ప్రాణాలు కోల్పోయారు. ప్రభుత్వానికి వాళ్లు ఊళ్లో కళ్లూ చెవులూ అయితే, తిరుగుబాటుదార్లకు వాళ్లే చేతికందే లక్ష్యం. తమ భాష, మతం తెలిసినవాళ్లే తమను పాలించాలన్న ఆకాంక్ష అక్కడ శతాబ్దం నాటిది. గవర్నర్ ఎన్నిక గురించి మాట వచ్చిన ప్రతిసారీ రాజధానిలో వేర్పాటు భయం ముందుకొస్తుంది. మూడు ప్రావిన్సుల సమస్యకు భయపడి మిగిలిన డెబ్బై మూడింటికీ తలుపు మూయడం మాత్రం సమర్థించుకోదగ్గ వాదన కాదు.

డబ్బు, ఓటు, ఆరోగ్య కేంద్రం

1999 వికేంద్రీకరణ చట్టం 2006 కల్లా ప్రభుత్వ రాబడిలో 35 శాతం స్థానిక సంస్థలకు చేరాలని లక్ష్యం పెట్టింది. గడువు ముంచుకొచ్చేసరికి చట్టాన్నే సవరించి 25 శాతం తప్పనిసరి, 35 శాతం లక్ష్యం అన్నారు. ఇటీవలి ఏళ్లలో ఆ వాటా 29 శాతం చుట్టూ ఉంది. అందులోనూ సంస్థలు సొంతంగా వసూలు చేసుకునేది కొద్ది భాగమే. మిగిలింది కేంద్రం వసూలు చేసి పంచే పన్నులు, గ్రాంట్లు. గ్రాంట్లలో చాలావరకు దేనికి వాడాలో ముందే రాసి ఉంటుంది: వృద్ధుల పింఛను, బడిపిల్లల పాలు, మధ్యాహ్న భోజనం. 2020 నుంచి వసూలు మొదలైన భూమి, భవనాల పన్ను స్థానిక సంస్థలకు బలం ఇస్తుందనుకుంటే, కోవిడ్ కారణంగా మొదటి రెండేళ్లూ దాన్ని 90 శాతం తగ్గించారు. ప్రజలకు ఊరట దొరికింది. కోత పడింది మాత్రం ఊళ్ల బడ్జెట్‌లో.

2014 సైనిక తిరుగుబాటు తర్వాత స్థానిక ఎన్నికలే ఆగిపోయాయి. పదవీకాలం ముగిసిన అధ్యక్షులు ఏళ్ల తరబడి అలాగే కొనసాగారు. ప్రావిన్స్ సంస్థల ఎన్నికలు 2020 డిసెంబరు 20న, పురపాలికలవి 2021 మార్చి 28న, తంబోన్ సంస్థలవి అదే ఏడాది నవంబరు 28న జరిగాయి. ప్రావిన్స్ పాలనను స్థానిక సంస్థలకు అప్పగించే దిశగా రాజ్యాంగాన్ని సవరించాలని వేల సంతకాలతో వచ్చిన ప్రతిపాదనను పార్లమెంటు 2022 డిసెంబరులో తోసిపుచ్చింది. 2025 ఫిబ్రవరి 1న మళ్లీ ప్రావిన్స్ సంస్థలకు ఓటింగ్ జరిగితే, వికేంద్రీకరణను గట్టిగా మోసే పీపుల్స్ పార్టీ అధ్యక్ష పదవి గెలుచుకుంది ఒక్క లంఫూన్‌లోనే. స్థానిక కుటుంబాల పట్టు ఒక కారణం. ఓటింగ్ నియమం ఇంకొకటి. స్థానిక ఎన్నికల్లో ఇంటి నమోదు ఉన్న చోటికే వెళ్లి ఓటేయాలి, ముందస్తు ఓటింగ్ లేదు. బ్యాంకాక్ ఫ్యాక్టరీల్లో పనిచేసే ఈశాన్య ప్రాంతపు యువత ఒక శనివారం ఓటు కోసం ఐదారు వందల కిలోమీటర్లు వెళ్లిరావాలి. సొంతూరి రోడ్డు గురించి, బడి గురించి అభిప్రాయం ఉన్నవాళ్లలో చాలామంది లెక్కలోకే రారు.

ఇంత ప్రతిష్టంభనలోనూ ఒక పెద్ద కదలిక జరిగింది. తంబోన్ స్థాయి ఆరోగ్య కేంద్రాలు దేశంలో దాదాపు తొమ్మిది వేల ఎనిమిది వందలున్నాయి. 1999 చట్టం వచ్చిన రెండు దశాబ్దాల తర్వాత, 2022 అక్టోబరు 1న వాటిలో మూడు వేలకు పైగా ఆరోగ్య శాఖ నుంచి ప్రావిన్స్ పాలన సంస్థల చేతికి ఒకేసారి మారాయి. తర్వాతి ఏళ్లలో మరికొన్ని చేరాయి. కొన్ని ప్రావిన్సుల్లో కేంద్రాలన్నీ మారితే, మరికొన్నిచోట్ల సగమే మారి పక్కపక్క ఊళ్ల నర్సులు వేర్వేరు యజమానుల కింద పనిచేస్తున్నారు. మందుల సరఫరా, డాక్టర్ల రాక, రోగుల సమాచారం ఇప్పటికీ ఆరోగ్య శాఖ పరిధిలోని జిల్లా ఆసుపత్రి నుంచే రావాలి. ఆ ఆసుపత్రికీ ఎన్నికైన ప్రావిన్స్ అధ్యక్షుడికీ మధ్య ఒప్పందాలు ఎక్కడ సాఫీగా కుదిరాయో అక్కడ రాత్రిపూట కూడా కేంద్రం తెరిచి ఉంచడం, మంచాన పడ్డ వృద్ధుల ఇళ్లకు నర్సులను పంపడం సాధ్యమవుతుంది. కుదరని చోట బిల్లులు ఎవరు కట్టాలన్న దగ్గరే పని ఆగుతుంది. ఈ కేంద్రాల నిర్వహణ రానున్న ఏళ్లలో ఎలా సాగుతుందన్న దాన్ని బట్టే బడులూ రోడ్లూ కూడా అదే దారి పట్టాలా వద్దా అన్న వాదన ముందుకు కదులుతుంది.